సొరుగులో నాలుగు నెలలు

హలో… ఆ, నేనే బావా. జీతాల సీట్లో ఇంకెవరుంటారు? ఇవాళ్టి వరకూ నేనే.

కొత్త నంబరా? … పొద్దుట్నుంచి పాత నంబరుకి పదిహేడుసార్లు చేశాను. … ఛార్జింగ్ లేదా. సర్లే. నీ ఫోనుకి ఛార్జింగ్ లేక ఇక్కడ నా ప్రాణం పోతోంది.

గట్టిగా మాట్లాడలేను. మేనేజరుగారు క్యాంటీన్‌కి వెళ్లారు, పావుగంటలో వచ్చేస్తారు. ముందు విను బావా, తర్వాత మాట్లాడుదువుగాని.

కోర్టు నుంచి మళ్లీ కాగితం వచ్చింది. … నీ పేరు మీద కాదు. కంపెనీ పేరు మీద.

… ఆ, వాళ్లే. నువ్వు సరుకు ఆటో కొన్నప్పటి ఫైనాన్స్ వాళ్లే. కేసు గెలిచారు కదా, నీ జీతంలో నెలనెలా మూడోవంతు కోసి కోర్టులో కట్టమని నాలుగు నెలల కిందటే మాకు ఆర్డరు పంపించారు కదా. దాన్ని నేనేం చేశానో నీకు తెలుసు.

… తెలియదా? ఎవరికి చెప్తున్నావ్ బావా?

ఈ సీట్లో పందొమ్మిదేళ్లయింది నాకు. ఇలాంటి ఆర్డర్లు ఎన్ని చూశానో. ఎవరి మీద వచ్చినా సరే, జీతాల రోజు దాటేదాకా సొరుగులో పడేసి, ఆ తర్వాతే రిజిస్టర్లో ఎక్కించేవాణ్ణి. పాపం, ఆఖరిసారి ఒక్క నిండు జీతం చేతిలో పడితే ఆ ఇల్లు కాస్త సర్దుకుంటుందని. … తప్పే. తప్పు కాదని ఎవరన్నారు? అలవాటైపోయింది. కానీ ఎవరికైనా ఒక్క నెలే. వాచ్‌మన్‌కి ఒక్క నెల, వెల్డరుకి ఒక్క నెల. నీకు నాలుగు.

ఎందుకా? … అక్క వచ్చి గేటు దగ్గర నిలబడింది కాబట్టి. పిల్ల కాలేజీ ఫీజు కట్టేదాకా ఆగరా తమ్ముడూ అంది. నెలనెలా అదే గేటు, అదే మాట. నేనేమో సొరుగుకి తాళం వేసుకుని, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు కూర్చున్నాను.

… నువ్వు అడగలేదు, నిజమే. పోయిన నెల రాజీనామా ఇచ్చి, రావాల్సిందంతా పైసాతో సహా పట్టుకెళ్లావ్. పోతూ పోతూ ‘ఆ కాగితం సంగతేంటి బామ్మర్దీ’ అని ఒక్క మాట… అన్నావా? ఏరు దాటావు, తెప్ప తగలేశావు.

… అరవట్లేదు, విను.

సంగతేంటంటే… మీరు కోయలేదు కాబట్టి ఆ నాలుగు నెలలదీ మీరే కట్టండని కోర్టు కంపెనీకి రాసింది. మేనేజరుగారు పొద్దున్నే వచ్చి నా సొరుగు తీయించారు. కవరు మీద తపాలా ముద్ర, తారీకు, అన్నీ ఉన్నాయి. అందరూ చూస్తుండగా నేనే ఆ కవరు తీసి ఆయన చేతిలో పెట్టాను.

… ఆయన మంచివాడే. రెండు దార్లు చూపించాడు. సాయంత్రం అయిదులోపు ఆ సొమ్మంతా నేను తెచ్చి కట్టాలి. … నా దగ్గరెక్కడిది బావా? లేదంటే, నువ్విప్పుడు ఎక్కడ పని చేస్తున్నావో చెప్పాలి. ఇంటి అడ్రసుతో పని లేదట. జీతం ఎక్కడిస్తారో అక్కడికే ఆర్డరు వెళ్లాలట. అదొక్కటి దొరికితే కంపెనీ జోలికి రామని వాళ్ల లాయరు ఒప్పుకున్నాడు.

… రెండూ కాకపోతే నా ఉద్యోగం పోతుంది. ఇంకేముంది?

ఎక్కడ చేస్తున్నావ్ బావా?

… చెప్పవా?

… కొత్తలోనే కోర్టు కాగితం వస్తే తీసేస్తారా? సరే, తీసేస్తారనే అనుకుందాం. మరి నన్ను?

… సర్దుకోనా? ఎలా సర్దుకోమంటావ్? మా ఆవిడ వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తోంది. ఆసుపత్రి కార్డు కంపెనీది. ఉద్యోగం పోతే కార్డూ పోతుంది. నీకు చెల్లెలి వరసే కదా, దానికి నువ్వే చెప్పు సర్దుకోమని.

… ఫోన్లో కాళ్లెలా పట్టుకోవాలో తెలియట్లేదు. పట్టుకున్నాననుకో బావా.

… వద్దు. అక్కకివ్వకు. బావా, అక్కకివ్వకు, నువ్వే మాట్లాడు, బావా…

… అక్కా.

బాగానే ఉన్నా. … లేదు, జలుబు చేసింది. … తిన్నాను. … తను బాగుంది, నిన్ననే ఆసుపత్రికి వెళ్లొచ్చాం. … ఏం లేదు, ఊరికే. కొత్త ఉద్యోగం ఎలా ఉందో కనుక్కుందామని.

… అవునా. … రాత్రిళ్లు నిద్ర పడుతోందా. … ఎవరూ తలుపు కొట్టట్లేదా. మంచిదక్కా. … పిల్లకి ఫస్టు మార్కులా? మావయ్య సంతోషించాడని చెప్పు.

… ఆదివారం రాలేను. … ఆ, ఎప్పుడో ఒకప్పుడు వస్తాలే.

అక్కా, ఆగు. అది చెప్పకు. … బావ కంపెనీ ఎక్కడో నాకు చెప్పొద్దు. ఊరికే అంటున్నా, చెప్పకు…

… వంతెన దిగగానేనా.

… కూల్‌డ్రింకుల కంపెనీ. సీసాలు నింపే చోట. … యూనిఫాం కూడా ఇచ్చారా. … నీలం రంగు బావకి బాగుంటుంది.

అక్కా, మేనేజరుగారొచ్చారు. పెట్టెయ్. … తర్వాత మాట్లాడతాను, పెట్టెయ్యమంటున్నానా.

సార్. … దొరికాడు సార్. ఇప్పుడే మాట్లాడాను.

… సార్, ఒక్క మాట. నా జీతంలో కోసుకోండి. నెలనెలా కోసుకోండి, ఎన్నాళ్లయినా ఫర్వాలేదు. … అవున్సార్. ఇవాళే మొత్తం కట్టాలి. తెలుసు సార్.

… తెలిసింది సార్, ఎక్కడో.

… చెప్తాను.

… రాసుకోండి. వంతెన దిగగానే కూల్‌డ్రింకుల కంపెనీ ఉంది కదా. అందులోనే. సీసాలు నింపే సెక్షన్లో ఫిట్టరు.

… అదే సార్. … సరే సార్.

అక్కా?

… లైన్లోనే ఉన్నావా?

… అంతా విన్నావా?

ఏదో ఒకటి అనక్కా. తిట్టు. … బావకి నేనే చెప్తాను, ఫోనివ్వు. … సరే, ఇవ్వకు. పిల్లకి మాత్రం చెప్పకు, మావయ్యే చెప్పాడని… అక్కా…

హలో…