యుద్ధం నడిచినన్నాళ్ళు ఫోన్ లేదు

హలో… ఆ, నేనేరా మచ్చా. నేనే.

…

నేనంటే నేనే! దామోదరన్. … ఉప్పళం దామోదరన్. ఎంతమంది దామోదరన్లు ఉండారురా నీకు?

…

ఓ, కొత్త ఫోనా. నంబర్లన్నీ పోయినాయా. … సరి సరి, పరవాలే. గొంతు వినైనా కనిపెట్టాల గదా నువ్వు. … జలుబేం లేదు. సెలవు రోజు, పొద్దున్నించీ ఎవురితోనూ మాట్లాడలా. అందుకే కరకరమంటా ఉంది.

ముని, అంగట్లోనే ఉండావా? … బేరాలుండాయా? … అయితే ఒక్క నిమిషం చాలు. పెద్ద విషయమేం కాదు. థాంక్స్ చెప్పేదానికి ఫోన్ చేసినా.

…

థాంక్స్‌రా, థాంక్స్! … ఎందుకా? ఏమీ తెలీనట్టు అడగతాడు చూడు. సరే, రాజులు అట్లనే ఉండాల.

నావలకు! నువ్వు పంపిన నావలకు.

…

ఆ ఉత్తరదేశం రాజు నా రేవును చుట్టుకోలా? వీరాంపట్టినం అని పేరు పెట్టుకున్నానే, ఆ రేవు. లోపల బియ్యం లేవు. జనం సంతోషం అంకె ఎర్రగైపోయింది. ఇంగ పోయింది రాజ్యం అనుకోని తల పట్టుకోని కూర్చోనుంటే… నువ్వు! నాతోనే యుద్ధంలో ఉండే నువ్వు! తూర్పు పక్కనించి నావలు తెచ్చి వాణ్ణి తరిమి, ఆమీద సంధికి రాయబారిని పంపినావు. కుర్చీలోంచి లేచి నిలబడిపోయినా మచ్చా. నిజంగా.

…

ఏ ఆటా? మన ఆటేరా. నీ పెండ్లికి ముందు ఇద్దరం మొదలుపెట్టినామే. నేను ఒక ఎత్తు, నువ్వు ఒక ఎత్తు. ఫోన్లో కూడా ఆడొచ్చు అనే దాన్ని. … ఆ, అదే. … ఆ.

పొద్దున సంధి ఒప్పుకున్నా. ఒప్పుకోని, ఆమీదనే ఫోన్ పట్టుకున్నా. రూలు తప్పలా నేను.

…

ఏం రూలా? నీ రూలేరా అది! ‘యుద్ధం నడిచినన్నాళ్ళు ఫోన్ లేదు, రాయబారులే’ అని. అంతకు ముందాటలో నేను ఫోన్లో వాగీ వాగీ గుర్రాలు యాడుండాయో చెప్పేస్తే, నువ్వు పోయి వాటిని పట్టేసుకోలా? దానికి మనం ఎంత గొడవ పడినాం! ఆమీద బీచిలో రాళ్ళ మీద కూర్చోని టీ తాగతా ఒట్టు పెట్టుకున్నాం. నువ్వు నవ్వతా పెట్టినావు. నేను నవ్వలా. నేను పట్టినానంటే ఉడుంపట్టు, నీకు తెలీదా.

…

‘ఇంగా ఆడతా ఉండావా’ అంటావేంది? నువ్వు లేకుండా నేనొక్కణ్ణే ఆడతానా?

… వేరేవా? ఇంగేం ఆడతా ఉండానా? అబ్బ, అడిగినావు చూడు. ఇది అడిగే దిక్కు కూడా లేదురా నాకు. ఆఫీసులో కరెంటు బిల్లులు, క్రికెట్టు. ఈ రెండే మాటలు.

రాజకీయం ఆట ఒకటి వచ్చింది. మనమే ముఖ్యమంత్రి. పన్నులు, బస్సులు, ఎన్నికలు, అన్నీ మన చేతిలో. కానీ చేసినోళ్ళకి ఓటంటే ఏందో తెలీదు. రోడ్డేస్తే ఓటు పడిపోతుందంట! మా వీధిలో రోడ్డేయించినోడికి ఎవురన్నా వేసినారా? ‘మా చావుకు వచ్చినాడా, మా ఇంట్లో కాఫీ తాగినాడా’ అని గదా చూస్తారు జనం. చావింటికి పోయి కాసేపు కూర్చోని వచ్చే బటన్ ఒకటి పెట్టాల. అప్పుడు అది ఆట. … నవ్వతా ఉండావా? నిజమేనా కాదా? … ఆ!

కథలాటలు… కత్తి పట్టుకోని ఊరూరా తిరిగేవి, అవి కూడా ఆడతా. కానీ ముగించేదే లేదు. ఎందుకు ముగించాల? మాంత్రికుణ్ణి చంపితే కథ అయిపోతుంది. మనతో తోడొచ్చినోళ్ళు ఎవురి దారిన వాళ్ళు పోతారు. అందుకే వాడి జోలికే పోను. పాపం వాడు కోటలో కాచుకోనుంటాడు, నేను సత్రంలో తిరగతా ఉంటా. ఆడ ఒక వైద్యురాలు ఉంది. ఎప్పుడు పలకరించినా ‘తిన్నావా? ముఖం వాడిపోయిందే’ అంటుంది. దానికి ఆ మాటొక్కటే వచ్చు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా పోయి పలకరిస్తా.

…

ఇంగొకటి. ఆ ఆటల్లో ఎవురన్నా ఏదన్నా అడిగితే కింద మూడు జవాబులు చూపిస్తారు గదా, ఒకటి నొక్కితే సరిపోతుంది. అది నాకు శానా బాగుంటుంది. ఆఫీసులో ‘ఏం దామోదరన్, సెలవులకి యాడికి?’ అని అడిగినా నేను ముందు కిందికే చూస్తా.

…

కానీ మచ్చా, ఆటంటే రాజ్యాల ఆటే. అందులోనూ మొదలు. మ్యాపంతా నల్లగా, పక్కన ఎవురుండారో తెలీక, ఒక్కో అడుగు వేసేదుందే, దానికి సాటిలే. గెలుస్తామని తెలిసినాక ఇంగేముంది, గుమాస్తా పని. అయితే ఎదురుగా మనిషుండాల. కంప్యూటరుతో ఆడేది గోడకు బంతి కొట్టేదే. ఎంత గట్టిగా కొడితే అంత గట్టిగా వస్తుంది. దానికి పంతం లేదు, జాలి లేదు. మనిషి ఆడతా ఉండాడా, అది ఆడతా ఉందా, నాలుగెత్తులు చూస్తే చాలు, నేను చెప్పేస్తా.

నిన్నే తీసుకో. తుపాను కాలం వస్తే నావల్ని రేవు దాటనియ్యవు. మన ఊరోడు గదా, కడలంటే భయం! గెలిచే చోట నిలబడి, కోతల టైమని సైన్యాన్ని వెనక్కి పిలిచేస్తావు. మెత్తన మనసు. ఇది కంప్యూటరుకు వస్తుందా? పైగా నేను ఎత్తు వేసినానో లేదో, నీ జవాబు వచ్చేస్తుంది! ఏ టైములోనైనా సరే. పాపం, బేరాలు వదులుకోని నా ఎత్తుకోసమే కాచుకోనుండాడే అనుకునేవాణ్ణి. అదొక ధైర్యంరా నాకు. చెప్తే నవ్వతావు.

… ముని?

ఎవురిదిరా ఆ ఏడుపు? కొనను వచ్చినోళ్ళ బిడ్డా?

…

నీదా?

నీ బిడ్డా! ఎప్పుడురా? … నడస్తా ఉందా? నడిచేంత బిడ్డా! … ఆడబిడ్డ. పేరేంది? … సత్య. మంచి పేరు. కార్తిక బాగుందా? … అయ్యో, నాకు ఒక మాట చెప్పకూడదా నువ్వు? ఈడ నుంచి ఈడికి!

…

చేసినావా.

… ఆ. … ఆ, చేసినావు. ఒకే రోజు మళ్ళీ మళ్ళీ చేసినావు. చూసినా.

ఎందుకు ఎత్తలా అంటే… చెప్తే తిడతావు. ఆరోజు నేను నా నావల్ని మంచు చాటున దాటిస్తా ఉంటి. అప్పుడు నీ ఫోన్ వచ్చింది. ‘వచ్చినాడు దొంగ, నావలు యాడుండాయో నోట్లోంచి లాగను వచ్చినాడు’ అనుకున్నా. నవ్వుకోని, ఫోన్ని బోర్లించి పెట్టేసినా. నన్ను రూలు తప్పించను చూస్తా ఉండావని… బిడ్డ పుట్టిందని చెప్పను చేసినావా.

…

కోపమా? నీ మీద నాకా? ఏం కోపంరా? … నీ పెండ్లి అయినాక నాకు కోపమని… నువ్వట్ల అనుకున్నావా. లేదు మచ్చా. దేవుని మీద ఒట్టు, లేదు.

అయినా నువ్వు ఘటికుడివిరా! ఆస్పత్రిలో ఉండి కూడా ఆ వారం ఒక్క ఎత్తు తప్పలా. ఒక పక్క బిడ్డ, ఒక పక్క…

… ముని?

ఏంది, ఆడలా?

…

ఏంది ఆడలా అంటే? ఎప్పటినించి?

…

లేదు లేదు. నీ పేరే ఉంది. నీ జెండానే ఎగరతా ఉంది. పొద్దున కూడా చూసినా గదా… … ఏమడిగింది? … ‘మీ బదులు కంప్యూటరు ఏలాలా’ అని. … నువ్వు సరే అని నొక్కినావు. … ఆట తీసేసినావు. … ఆమీద ఆ ఫోనే పోయింది. ఆ.

ఆరోజేనా? … నేను ఎత్తలేదని. ఆరోజే.

…

లేదు, ఉండా. లైన్లోనే ఉండా. చెప్పు.

…

అయితే ఆ నావలు… … అవునవును. ఉత్తరదేశం వాడు బలిసిపోతే దానికే ముప్పు గదా. లెక్కేసుకోని పంపింది. సంధి కూడా లెక్కే. … బాగా చేసినార్రా దాన్ని. మనసున్నట్టే ఆడతా ఉంది. నేనే కనిపెట్టలా చూడు. నేనే!

… నవ్వేదెందుకు? దగ్గురా.

ఒకటి చెప్పనా ముని? చెప్పేస్తా, ఇంగేం దాచేది. నేను రాయబారులకిచ్చి నీకు జాబులు పంపతా ఉంటి. రాజ్యం సంగతులు కాదు, నా సంగతులు. మనకు తెలుగు రాసేది రాదు గదా, మన తెలుగునే తమిళం అక్షరాల్లో కొట్టి పంపేది. చికున్‌గున్యా వచ్చి కాళ్ళు పడిపోయినట్టు పడుకున్నది, గది కారతా ఉండేది, పై ఆఫీసరు అందరి ముందర నన్ను తిట్టింది. అన్నిటికీ నీ రాయబారి ఒకే మాట చెప్తాడు, ‘మహారాజు తమ క్షేమం కోరుచున్నారు’ అని. అది ఆటలో ఉండే మాటేనని నాకు తెలుసు. మునికి కొట్టను బద్ధకం, ఉండే మాటనే నొక్కి పంపతాడు, అయినా నొక్కతాడు గదా అనుకునేవాణ్ణి. జ్వరంలో దాన్నే మళ్ళీ మళ్ళీ చదువుకున్నా.

…

ఏడవలేదురా. నువ్వు అట్ల మాట్లాడొద్దు. నీ తప్పేం లేదు. బిడ్డ, అంగడి, నీకు యాడ టైము? నాకు దిగులుగా ఉంది, అంతే. మీ కిరుమాంబాక్కం ఏమన్నా దూరమా? కడలూరు బస్సెక్కితే కునుకు తీసేలోపల వచ్చేస్తుంది. బస్సెక్కను బుద్ధి లేక నావలు పంపతా కూర్చున్నా నేను.

…

వస్తా. నిజంగా వస్తా. ఎప్పుడు రాను?

… ‘ఒకరోజు’ అంటే ఏ రోజురా?

… ఈ ఆదివారమా? … ఓ, కార్తిక వాళ్ళమ్మ ఇంటికి పోతారా. … పై ఆదివారం? … బిడ్డకు చెవులు కుట్టేదా. … ఆ. … ఇంటి మనుషులే. … లేదు లేదు, నేనేం అనుకోలా. అట్లాంటిది దగ్గరోళ్ళతోనే చేసుకోవాల. అదే మంచిది.

… వద్దులే, నాకోసం మళ్ళీ ఆ ఆటంతా ఎక్కించుకోవద్దు. నువ్వు ఎక్కించుకుంటావు, రెండు దినాలు ఆడతావు, ఆమీద నేను రోజూ ‘ఇది మునియా, అదా’ అని చూసుకోవాల. అది నాతో అయ్యే పని కాదు.

…

బేరం వచ్చిందా? పో, పో, చూసుకో. సిమెంటు మూటలంటే నువ్వే దింపాల గదా. నేను పెట్టేస్తా. … ఏంది, బిడ్డకిస్తావా? వద్దురా, నాకు చిన్నబిడ్డలతో మాట్లాడేది… ముని? ముని, ఉండు…

…

హలో.

… ఆ. ఆ. … అట్లనా?

సత్యానా నువ్వు? … ఆ. … ఓహో. … పిల్లి వచ్చిందా. … ఏం చేసింది పిల్లి?

… తాత కాదమ్మా. తాత కాదు నేను. … నేను ఎవురో చెప్పనా? నేను మీ నాయనకి… మీ నాయనా నేనూ…

… ఆ, వినపడతా ఉంది, చెప్పు. … అది నొక్కకూడదమ్మా. ఎర్రగా ఉంటుందే, దాన్ని కాదు. ఉండు, ఉండు, చెప్తా. నేను మీ నాయనకి…

సత్యా?

… హలో.