బియ్యం డబ్బాలో పెట్టె

నీళ్లు చల్లి తూకం పెంచానా? శరణ్యా, ఆ మాట మీ కంపెనీలో ఎవరన్నారో వాళ్లే రావాల్సింది. చిన్నపిల్లవు, నిన్ను పంపారు. నిన్నేమనను?

కూర్చో. మిరప ఘాటుకు కళ్లు మండుతాయి, చున్నీ అడ్డం పెట్టుకో.

అడిగావుగా, చెబుతా. మొదటి కోత కల్లంలో పోశాక మీ రామకాంత్ సారు వచ్చాడు. సబ్బుబిళ్లంత తెల్ల పెట్టె ఒకటి నా చేతిలో పెట్టి, "రహమతున్నీసమ్మా, దీన్ని మిరపకాయల కుప్పలో ఉంచు. ఖరీదైంది, పాడైతే నీదే బాధ్యత" అన్నాడు. అంతే. అది తేమ కొలుస్తుందనీ, కొలిచింది గుంటూరులో మీ ఫోన్లకు చేరవేస్తుందనీ చెప్పాడా? లేదు. భయం ఒక్కటే నేర్పి పోయాడు.

తర్వాత వాన. ఫిబ్రవరిలో వానేమిటి చెప్పు? టార్పాలిన్ పట్టలు లాగేలోపే కుప్ప సగం తడిసింది. అందరూ కాయ కోసం పరిగెత్తితే నేను పెట్టె కోసం పరిగెత్తా. నవ్వకు, మా కోడలు నవ్వింది చాల్లే. "అత్తా, కాయ నానిపోతుంటే దాన్ని ఒళ్లో పెట్టుకున్నావు, నీ మనవడా?" అంది కౌసర్.

ఫోను తడిస్తే ఏం చేస్తాం? బియ్యంలో పెడతాం. ఊళ్లో ఎవర్నయినా అడుగు. నేనూ అదే చేశా. కొంగుతో తుడిచి, బియ్యం డబ్బాలో పెట్టి, మూత బిగించా.

తెల్లారి రామకాంత్‌కు నేనే ఫోను చేశా. అది రాసుకున్నారా మీరు? "సారూ, కాయ తడిసింది, లారీ పంపొద్దు, నాలుగెండలు తగలనివ్వండి" అన్నా. ఏమన్నాడో తెలుసా? "ఇక్కడ పొడిగానే చూపిస్తోందమ్మా, నీ భయం నువ్వూనూ. లారీ బయల్దేరింది, ఎత్తించెయ్."

పొడిగా ఉండక? బియ్యంలో ఉందాయె. అప్పుడు నాకది తెలియదు. గుంటూరులో వాన లేదు కాబోలు, అక్కడి సంగతి చెబుతున్నాడనుకున్నా. లారీ వచ్చేసరికి అసలు పెట్టె ఊసే మర్చిపోయా. ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది.

అయినా ఊరుకున్నానా? డ్రైవరు చెయ్యి పట్టుకుని కుప్పలోకి దూర్చా. "తడేనమ్మా, కానీ ఫోన్లో ఎత్తమనే ఉంది" అన్నాడు, అరచెయ్యి లుంగీకి తుడుచుకుంటూ. చూశావా? చేతికంటిన తడి తడి కాదట. మనిషి ఇంత దిగజారిపోతాడా అని రోత పుట్టింది నాకు.

కాయను బస్తాల్లో తొక్కి, టిక్కీలు కుట్టి ఎత్తుకుపోయారు. కోల్డ్ స్టోరేజీలో విప్పితే నల్లగా బూజు. ఫోన్లో పొడిగా చూపిన కాయకు తడెక్కడిదని, నేనే నీళ్లు చల్లానన్నారు. పక్కనున్న గుల్జార్ బేగం బస్తాలకూ పాకిందట. ఆమె కల్లం మా పక్కదే. మొన్నటిదాకా ఒకే పట్ట నీడన అన్నం తిన్నాం, ఇప్పుడు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటోంది.

రెండో కోత అదిగో, గలగలా ఎండి ఉంది. నా పేరు కొడితే మీ ఫోను ఎర్రగా చూపిస్తోందట, కొనొద్దంటోందట. అద్దంకి వ్యాపారిని పిలిస్తే "కంపెనీ వద్దన్న కాయ నాకెందుకు" అని బండి దిగకుండానే పోయాడు. ఇంకో వాన పడిందంటే ఇదంతా పెంటకుప్పే.

ఏమిటీ? పెట్టె కుప్పలోనే ఉందని చెప్పాలా?

అప్పుడు తప్పు పెట్టెదవుతుంది. దాన్ని తయారుచేసినవాళ్లు నష్టం కట్టిస్తారు. నా పేరు మీద ఎరుపు పోతుంది, రామకాంత్ ఉద్యోగం నిలుస్తుంది, ఈ కాయ రేపే లారీ ఎక్కుతుంది. అంతేనా?

బాగుంది. మీ అందరిలో నిజం చెప్పింది ఆ పెట్టె ఒక్కటే తల్లీ. బియ్యం పొడిగా ఉన్నాయంది, ఉన్నాయి. దాన్నే దొంగను చెయ్యమంటున్నావు.

వాన పడ్డ మర్నాడు నేను నిజం చెబితే వినే నాథుడు లేడు. ఇవాళ అబద్ధం కోసం కారేసుకుని మనిషే వచ్చింది.

బూజు పట్టిన గుల్జార్ కాయకూ డబ్బిస్తారా? ఇస్తారుగా?

సరే. కొట్టుకో నీ ఫోన్లో. పెట్టె కుప్పలోనే ఉంది. వాన పడ్డప్పుడూ ఉంది, లారీ వచ్చినప్పుడూ ఉంది. రహమతున్నీసా చెప్పిందని కొట్టుకో.

కౌసరూ, చెంబుతో నీళ్లు తేవే. తాగటానికి కాదు. నోరు పుక్కిలించాలి.