రెండు సోలల ఉప్పు

బస్తర్ సంస్థానం, కోంట. సంత రోజు మధ్యాహ్నం. శేషగిరిరావు ఉప్పు కొట్టు ముందు దేవే.

“ఉప్పు తర్వాత కొలుద్దువు, సావుకారీ. ముందు తలుపు మీది కాగితం చదువు. రోడ్డు వెట్టి నుంచి పారిపోయినోళ్ల గురించే గదా?”

“అదే. పారిపోయినోడికి ఆర్నెల్ల జైలు. దాచినోళ్లు, కూడు పెట్టినోళ్లు, తెలిసీ చెప్పనోళ్లు కూడా... ఇక్కడో ఇంగ్లీషు మాట రాసిండ్రు. ఇన్‌కర్.”

“అదేంది?”

“వాళ్లకూ శిక్ష తగులుకుంటదని.”

“తగులుకునుడేంది, జొరమా?”

“రాజమండ్రిలో చదివినప్పటి నిఘంటువు తీసి చూసిన. లాటిన్ అని పాత భాష. దాంట్ల ఈ మాటకు ఉరికి పోయి గుద్దుకునుడని అర్థమట.”

“అయితే నాకేం? ఉరికింది మా ఇంటాయన. నేను గుడిసె దాటలే.”

“అది పాత అర్థం, దేవే. ఇప్పుడు ఉరకనక్కర్లే. ఇంట్ల కూసున్నా తగులుతది.”

“గుడిసెల లేడు గదా, వాగవతల—”

“ఆగు! నాకు చెప్పకు.”

“నేనేమన్న?”

“ఏమనలే. నేనేం వినలే. ప్రతి సంతకూ సిపాయి వచ్చి సంతకం పెట్టించుకుంటడు, నాకేం తెల్వదని. తెలిసి పెడితే నన్నూ కట్టుకపోతరు. ఇంట్ల నా పెండ్లాం సుశీలకు ఏడో నెల.”

“మరి నేనెవరికి చెప్పుకోవాలె? కాలికి గడ్డపార తగిలింది ఆయనకి. చీము పట్టింది—”

“చెప్పొద్దన్ననా!”

“చెవులు మూసుకో అయితే. నాకు భయమైతంది, సావుకారీ.”

“నాకు కాదా?”

“...సరే. ఉప్పు కొలువు, పోత. రెండు సోలలు.”

“ఒక్కటే ఇస్త.”

“ఎందుకు? సారపప్పు రెండిటికి సరిపోను తెచ్చిన గదా!”

“సరిపోయింది. అది కాదు. ఆయన్ని వెట్టికి పట్టుకపోయినంక సోలెడే కొన్నవు. రెండు నెలల సంది మళ్లీ రెండు. సిపాయికి కండ్లు లేవనుకున్నవా?”

“సిపాయి చూసిండా?”

“ఇంకా లేదు.”

“మరి... నువ్వు?”

“మొదటి సంతనాడే.”

“రెండు నెలల సంది తెలుసా నీకు? మరి ఆ సంతకాలు?”

“ఎనిమిది పెట్టిన. అదిగో, వస్తున్నడు సిపాయి. ఈ సోలెడు వాడికి కనపడేటట్టు పట్టుకొని పో. రెండోది పొద్దున్నే మా సుశీల మూటగట్టి మా ఇంటి పెరటి గుమ్మం కాడ పెట్టింది, తీసుకపో. నేను తొమ్మిదో సంతకం పెడత.”