కారం లేని వంట

ఆదివారం గిరాకీ తగ్గాక, నంద్యాల బస్టాండు దగ్గరున్న తమ చిన్న హోటల్లో, రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీ తరఫున ఇటలీ వెళ్లొచ్చిన భర్త ఆమెను బల్ల ముందు కూర్చోబెట్టి వడ్డించాడు. అతను చెప్పే ఇటలీ వంట గురించి వినడమే గాని ఆమె తినడం ఇదే మొదలు.

“ఏందయ్యా ఇది, సేమ్యాలో టమోటా పిసికినావా?”

“యుద్ధంలో నన్ను ఇంట్లో దాచిపెట్టిన ముసలామె నేర్పిందని చెప్పలా? అదే.”

“కారమే లేదు!”

“ఆడ ఇట్లే తింటారు.”

“పాపం, మహాతల్లి. ముప్పై ఏండ్లాయె. ఈపాటికి పోయింటాది.”

“ఎందుకు పోతాది? నాకన్నా రెండేండ్లు చిన్నది.”

ఆమె చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. అతను గరిటె వైపు చూశాడు.

“కారం డబ్బా ఇట్లియ్యి.”

“రోంత ఏస్తా, ఉండు.”

“డబ్బానే ఇయ్యమంటాండా.”