మబ్బులో గుర్రం

గురవయ్య ఉన్నాడే, పశువుల బేరగాడు గురవయ్య, ఆయన ఏ ఎద్దునీ ఊరికే మంచిదని చెప్పే మనిషి కాదు. అరక కట్టి మెట్టలో నడిపించాలి, మాగాణిలో దింపాలి, తారురోడ్డెక్కించాలి, లారీ హారన్ కొడితే బెదురుద్దేమో చూడాలి, నోరు తెరిచి పళ్లు చూడాలి, నుదుటి మీద సుడి చూడాలి, అప్పుడు గానీ తల ఊపడు. ఆయన తల ఊపాడంటే సంతలో ఇంక ఎదురు లేదనుకో. ఇంకోటేందంటే, పశువులో తప్పేముందో ఇంకో మనిషిని చచ్చినా అడగడు. బేరగాడై ఉండి ఇంకోణ్ణి అడిగితే పరువు పోదూ? ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ చెప్పను. ఏమే చిన్నక్కా, ఆ పల్లీలు నమలటం ఆపి వింటన్నావా? ఆఁ, విను.

ఆ గురవయ్యకి ఒక్కతే కూతురు, స్రవంతి. పురిటికి పుట్టింటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది, బంగారుబొమ్మలాగుంది. పుట్టగానే ఏమైందంటే, గురవయ్య ఉయ్యాల దగ్గర నిలబడి, మా అమ్మ పున్నమ్మే మళ్లీ పుట్టింది, ఆ పేరే పెడతన్నాం, అన్నాడంట. ఆయనకి నాన్న చిన్నప్పుడే పోతే ఆ తల్లి మజ్జిగమ్మి పెంచింది, ఆ ప్రేమ ఉంటది గదా మరి. సరే, అంతలో అవతలూరి నుంచి వియ్యంకుడు దిగాడు. టెంట్ హౌస్ కోటిలింగం అంటారులే, పెళ్లిళ్లకి షామియానాలూ కుర్చీలూ ఇస్తాడే, ఆ కోటిలింగం. ఆయన పిల్ల మొహం చూసి కళ్లనీళ్లు పెట్టుకుని, అచ్చం మా అమ్మ ముక్కే, ఆదెమ్మ అని పెట్టాల్సిందే, అన్నాడంట. ఆయనకీ అమ్మంటే ప్రాణం. ఇంకేముంది! బావగారూ మీరు ఆగండి అని ఈయన, బావగారూ మీరే ఆగండి అని ఆయన. నోట్లో గారు తప్ప మర్యాద ఒక్కటి లేదు. ఉయ్యాల్లో పిల్ల కెవ్వుమంటంది, వీళ్లు ఇంకా గట్టిగా అరుస్తన్నారు. బాలింత ఏమైపోవాల చెప్పండి? కన్నతల్లికి కూడా ఒక పేరు ఇష్టముంటదేమోనని ఒక్క మగాడన్నా అడిగాడా? అడగలా. నాకిప్పుడు చెప్తంటే కూడా ఒళ్లు మండుద్ది.

స్రవంతి వాళ్లాయన హైదరాబాదులో కంప్యూటర్ల పని. ఆ పిల్లకీ ఆ సంగతులన్నీ తెలుసు. విసిగిపోయి ఏం చేసిందంటే, నాన్నా, మావయ్యా, ఇద్దరూ పందేల పిచ్చోళ్లే గదా, ఒక ఆటుంది, గుర్రప్పందెం. ఒక్కో పందెం గెలుచుకుంటా పోవాల, ఆఖర్న పెద్ద పందేనికి ముందెవరు చేరి గెలిస్తే వాళ్లు చెప్పిన పేరు పెడదాం, బారసాల దాకా టైమ్, ఈ లోపల నా ఎదురుగా పేరు మాటెత్తితే పిల్లనెత్తుకుని హైదరాబాదు పోతా, అంది. ఇద్దరూ నోరు మూసుకుని తలూపారు. ఆ ఆటని క్లౌడ్ గేమింగ్, మబ్బులో ఆట అంటారంట. అంటే ఆట మన ఫోన్లో ఉండదంట. ఎక్కడో పెద్ద పెద్ద కంప్యూటర్లలో నడుస్తంటే బొమ్మ మాత్రం మన తెర మీదికొచ్చుద్దంట. ఫోనైనా, టీవీ అయినా, లాప్‌టాప్ అయినా, ఏ తెరైనా సరే. ఫోన్లో ఆపిన దగ్గర్నించి టీవీలో మొదలు పెట్టుకోవచ్చంట. అందుకు చందా కట్టాల, మొదటి నెల మాత్రం ఊరికే ఇస్తారంట. స్రవంతి ఇద్దరి ఫోన్లూ తీసుకుని ఏవో నొక్కి, ఇదిగో మీ గుర్రం, ఇదిగో మీ గుర్రం, అని ఎవరిది వాళ్లకిచ్చింది. తెల్లటి గుర్రం, నుదుట నల్లబొట్టు, కింద తెలుగులో ఆమని అని పేరు. గురవయ్య చూసి, ఎద్దులైతే బాగుండేది, సరే, నాలుగు కాళ్లున్నాయి గదా, పేరు కూడా నోటికి బాగుంది, అన్నాడంట. అవతల కోటిలింగం కూడా అదే అనుకున్నాడు. కానీ పందెపు పశువు పేరు పోటీవాడికి చెబితే దిష్టి తగులుద్దని ఒకరికొకరు చెప్పుకోలా. అదన్నమాట.

మధ్యాహ్నం అన్నం తిని గురవయ్య పశువుల కొట్టంలోకి పోయి మంచమ్మీద కూర్చునేవాడు. ఫోను తెరిచేవాడు. పద ఆమనీ, పద తల్లీ, అని ఊరంతా వినబడేటట్టు అరిచేవాడు. ఆ అరుపుకి లోపల ఉయ్యాల్లో పిల్ల ఏడుపు ఆపేదంట, వాళ్లావిడ నాంచారమ్మ చెప్పిందిలే. గుర్రం బాగా పోతన్నట్టే ఉండి, మంచి మలుపులో ఉండగా తెర నల్లగా అయిపోయేది. మధ్యలో ఇంగ్లీషులో ఏదో పొడుగ్గా రాసేది. ఈయనకి ఇంగ్లీషు రాదు. రాదని కూతుర్నడుగుతాడా? అడగడు, బేరగాడు గదా. ఫోను వేడెక్కింది, పశువుకి జొరమొస్తే ఇంతే, అని తడిగుడ్డ చుట్టాడంట ఫోనుకి! నవ్వకండే, నిజం. నాంచారమ్మ చూసి, ఏందయ్యా ఆ ఫోనుకి స్నానం, అంటే, నీకేం తెలుసు, నువ్వు ఊరుకో, అన్నాడంట. మళ్లీ తెరిచేసరికి ఏమైందంటే, గుర్రం తను వదిలిన చోట లేదు! రెండు మలుపులు ముందుకి పోయి ఉంది. గురవయ్య ఒక్కసారి లేచి నిలబడ్డాడు. ఒసే నాంచారూ, ఇది జాతి గుర్రమే, తోలేవాడు లేకపోయినా దారి తెలిసి తనంతట తనే నడుస్తంది, మన బూడిదరంగు పాత మైలెద్దు సంత నుంచి ఒక్కటే ఇంటికొచ్చేది చూడు, అట్టాంటిది! అని మురిసిపోయాడు.

మరి అవతలూళ్లో సంగతేందంటే, కోటిలింగం కూడా అదే టైముకి అన్నం తిని టెంట్ హౌస్‌లో కుర్చీల గుట్ట మీదెక్కి కూర్చునేవాడు. ఆయన తెర కూడా మధ్యలో నల్లగా అయ్యేది. ఇంగ్లీషక్షరాలు కూడబలుక్కోగలడు గానీ అంత పొడుగు రాత చదివే ఓపికెక్కడిది, ఏదో సబ్బు ప్రకటన అనుకుని మూసేసేవాడంట. మళ్లీ తెరిస్తే ఆయన గుర్రం కూడా ముందుకి పోయి ఉండేది. ఆయనేమనుకున్నాడంటే, ఆట మబ్బులో ఉందన్నారు గదా, గాలి వాటం మనకి కలిసొచ్చింది, అనుకున్నాడు. ఇట్టాంటి బుర్రలు ఇద్దరివీ.

గురవయ్య మాత్రం ఊరుకోలా. తెరలో తప్పుందో గుర్రంలో తప్పుందో తేల్చాలని ఎద్దుని తిప్పినట్టే తిప్పాడు. ముందు ఇంట్లో టీవీలో పెట్టించాడు. పెద్ద బొమ్మ, గుర్రం జూలు కూడా కనబడతంది, బాగా లాగుతంది, అంతలో నల్లన. సరే మాగాణి పనికిరాలేదని అల్లుడి పాత లాప్‌టాప్ తీసుకుని పాలకేంద్రానికి పోయాడు, అక్కడ నెట్టు బాగుంటదని. పాలు పోసే ఆడాళ్లంతా క్యాన్లు దించి చూస్తన్నారు. ఈయన పద ఆమనీ అంటన్నాడు, వాళ్లూ పద ఆమనీ అంటన్నారు. మళ్లీ నల్లన. పాలకేంద్రం ప్రెసిడెంటు వచ్చి, ఏమయ్యా గురవయ్యా, పాలు విరిగిపోతన్నయ్, అని గెంటేశాడు. తర్వాత అంగన్‌వాడీ టీచరమ్మ ట్యాబ్ అడిగి తీసుకుని చేనుగట్టు మీద పెట్టి చూశాడు. చూసి చూసి ఆయన తేల్చిందేందంటే, గుర్రంలో తప్పులేదు, తోలేవాడు పక్కనుండటం దానికి నచ్చట్లేదు, అంట! కోటిలింగం కూడా అవతల ఏం తక్కువ చేశాడా, ఫోను, పెళ్లి వీడియోలు చూపించే లాప్‌టాప్, కొడుకు పాత ట్యాబ్, అన్నీ తిప్పాడు. సాయంత్రం ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. బావగారూ, మీ గుర్రం ఎందాకొచ్చింది? కొండ పందెం గెలిచింది బావగారూ, మరి మీది? మాదీ కొండ పందెమే. ఎప్పుడడిగినా ఇద్దరిదీ ఒకటే మాట. ఫోను పెట్టేసి, అబద్ధాలకోరు, మనం ఏం చెబితే అది చెబుతన్నాడు, అని ఇద్దరూ తిట్టుకునేవాళ్లు. లోపల స్రవంతి పిల్లకి పాలిస్తా నవ్వుకునేదంట. నవ్వదా మరి?

బారసాల రోజొచ్చింది. ఇద్దరూ ఆఖరి పందెం దగ్గరున్నారు. కోటిలింగం షామియానా వేయించి, పెళ్లిళ్లకి పెట్టే పెద్ద ఎల్‌ఈడీ తెర కూడా లారీలో తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. అందరి ముందరే తేలిపోవాలన్నాడు. గురవయ్య తక్కువ తింటాడా, టీవీ మోయించుకొచ్చి దాని పక్కనే అరుగు మీద పెట్టించాడు. ఊరంతా వచ్చింది, నేనూ పోయాను, ముందు వరసలోనే కూర్చున్నా. పురోహితుడు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరం పెట్టుకుని, బాబూ ముహూర్తం మించిపోద్ది, బియ్యంలో రాయటానికి పేరేదో చెప్పండయ్యా, అంటన్నాడు. వినే నాథుడేడి?

గురవయ్య టీవీ తెరిచాడు. తెల్లగుర్రం వచ్చింది. కోటిలింగం ఎల్‌ఈడీ తెరిచాడు. తెల్లగుర్రం వచ్చింది, టీవీ నల్లన! గురవయ్య మళ్లీ తెరిచాడు, ఎల్‌ఈడీ నల్లన! జనం ఇటు తలకాయ, అటు తలకాయ తిప్పి మెడలు పట్టేశాయి. నీ తెర నా గుర్రాన్ని బెదరగొడతందయ్యా అని ఈయన. నీ టీవీయే నా కరెంటు లాగేస్తంది అని ఆయన. గురవయ్య ఒక్క ఉరుకున ఎల్‌ఈడీ దగ్గరికి పోయి తెర మీద చెయ్యేసి చూశాడు. నుదుట నల్లబొట్టు. ఎడమ కాలికి మచ్చ. కింద ఆమని. ఇదిగో, నా గుర్రమే! సంతలో పదివేల పశువుల్లో నిలబెట్టినా నా పశువుని గుర్తు పడతా! దొంగిలించావు గదయ్యా వియ్యంకుడివై ఉండి! అన్నాడు. కోటిలింగం ఏడుపు మొహం పెట్టి, ఆమని నాది బావగారూ, నేను చేతులారా పెంచుకున్నా, అన్నాడు. అయ్యో, నాకే జాలేసింది.

అప్పుడు స్రవంతి పిల్లనెత్తుకుని బయటికొచ్చింది. నాన్నా, మావయ్యా, చందా ఒక్కటే, గుర్రమూ ఒక్కటే. ఒక తెర మీద తెరిస్తే ఇంకో తెర మూసుకుపోద్ది, అదే గదా ఇంగ్లీషులో రోజూ రాసింది. మీరు ఆపిన దగ్గర్నించి మావయ్య తోలాడు, మావయ్య ఆపిన దగ్గర్నించి మీరు తోలారు. ఇన్ని పందేలు గెలిచింది ఇద్దరూ కలిసే, అంది. నాంచారమ్మ గబుక్కున, తనంతట తనే నడిచే జాతి గుర్రమన్నావు గదయ్యా, అంది. ఊరంతా గొల్లుమంది. గురవయ్య మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక టీవీ వెనక పెట్టుకున్నాడు.

కోటిలింగమే తగ్గాడు. రండి బావగారూ, ఇందాకా వచ్చి దాన్ని వదిలేస్తామా, పాపం ఆఖరి పందెంలో నిలబడిపోయి ఉంది, అని పిలిచాడు. ఒక్కటే జాయ్‌స్టిక్, అదే, రెండు చేతుల్తో పట్టుకుని బొత్తాలు నొక్కుతారే, అది. ఎడమ వైపు మలుపు, కుడి వైపు పరుగు. మలుపు గురవయ్య పట్టుకున్నాడు, పరుగు కోటిలింగం పట్టుకున్నాడు. రెండు బొజ్జలూ ఒకదానికొకటి ఆనించి కూర్చున్నారు. ఇంక చూడండి! తిప్పండి బావగారూ! తోలండి బావగారూ! పద ఆమనీ! పద తల్లీ! పాలకేంద్రం ఆడాళ్లు లేచారు, వంటవాళ్లు గరిటెలతో వచ్చారు, ఊరు ఊరంతా ఆమనీ ఆమనీ అని ఒకటే అరుపు. నేనూ అరిచాలే, గొంతు పోయింది. గుర్రం గీత దాటింది. అంత పెద్ద తెర నిండా అక్షరాలు పడ్డాయి, గెలిచింది ఆమని, అని.

ఆ గోలంతా అణిగాక, ఇద్దరు తాతలకీ గుర్తొచ్చింది. గెలిచింది ఇద్దరూ గదా, మరి పేరెవరిది? పున్నమ్మా? ఆదెమ్మా? మళ్లీ మొదలెట్టబోయారు. పురోహితుడు తల కూడా ఎత్తకుండా, ఇంకా ఏం పేరయ్యా, రాయించడం అయిపోయింది, అన్నాడు. అందరూ పళ్లెంలోకి వంగారు. హైదరాబాదు నుంచొచ్చిన అల్లుడు ఉంగరంతో బియ్యంలో ఆమని అని అప్పటికే గుండ్రంగా రాసేశాడు. ఊరంతా అదే పేరు పిలుస్తంటే ఇంక నన్ను ఆగమంటారేంది, అన్నాడు పురోహితుడు. గురవయ్య కూతురి మొహం చూశాడు. పొట్టలో ఉన్నప్పుడే అనుకున్న పేరు నాన్నా, ఆటలో పేరడిగితే అదే పెట్టా, అంది మెల్లగా. కోటిలింగం ఉయ్యాల దగ్గరికి పోయి, ఆమనీ, అన్నాడు. పిల్ల ఇటు తిరిగింది. ఎన్నాళ్ల నుంచో వింటన్న పేరాయె, తిరగదా? ఇద్దరు ముసలాళ్లూ కండువాలు మొహాలకడ్డం పెట్టుకున్నారు. చెమట తుడుచుకుంటన్నామని చెప్పార్లే, మనం నమ్మాలంట.

అట్టా కుదిరింది ఆ పిల్లకి పేరు. ఇప్పుడు నడక కూడా వచ్చింది దానికి. మొన్న నేను పోయినప్పుడు చూశా, వాకిట్లో ఈ చివర గురవయ్య, ఆ చివర కోటిలింగం, ఇద్దరూ చేతులు చాపి ఆమనీ ఆమనీ అని పిలుస్తన్నారు. అది మధ్యలో నిలబడి ఇటు చూసుద్ది, అటు చూసుద్ది, చివరికి ఒకళ్ల ఒళ్లోకి పోద్ది. పోగానే అవతలాయన మొహం నల్లన. తెర పోయింది గానీ ఆ జబ్బు పోలేదు. సరే లేవండి, ఆ పల్లీలు ఎవరు తిన్నారో వాళ్లే పొట్టు ఊడ్చి పోండి.