వ్యాన్ బాబాయి వేసిన నేల

ఆస్పత్రి గేటుకి ఎదురుగా, రేకుల కప్పు కింద ఉన్న టీ కొట్టులో వ్యాన్ బాబాయి అబద్ధాలు చెబుతాడని ఎవరూ అనరు. కోతలు కోస్తాడంటారు. అబద్ధమైతే చెప్పేవాడికి ఏదో ఒక లాభం ఉండాలి. ఈయన కోతల్లో లాభమంతా వినేవాళ్ళదే. అక్కడ కూర్చునే ప్రతివాళ్ళకీ నాలుగు గంటలు గడవాలి మరి. వారానికి మూడు రోజులు పొద్దున్నే బాబాయి తన వ్యాన్‌లో వీధి వీధీ తిరిగి, కిడ్నీలు పాడైనవాళ్ళని ఎక్కించుకొచ్చి డయాలసిస్‌కి దింపుతాడు. వాళ్ళు లోపలికెళ్ళి మిషన్‌కి చెయ్యి అప్పగించి పడుకుంటారు. వెంట వచ్చినవాళ్ళు బయట మిగిలిపోతారు.

ఆ సోమవారం కొత్తగా ఒకామె వచ్చింది. బండ్లకి రంగులు వేసే మేస్త్రీ భార్య. పేరుకి భార్యే గానీ ఇరవై ఏళ్ళుగా షెడ్డులో ఆయనతో సమానంగా పనిచేసిన మనిషి. పాత రంగు గీకడం, గరుకు కాగితం పట్టడం, రంగు తగలకూడని చోట టేపు అంటించడం ఆమె వంతు. రంగు కొట్టడం ఆయన వంతు. ఒంట్లో బాగోలేదని తెలిసి షెడ్డుకి తాళం పెట్టిన రోజు నుంచి మేస్త్రీ మాట తగ్గించేశాడు. అడిగితే ‘ఊఁ’ అంటాడు, అడక్కపోతే అదీ లేదు. ఆ పొద్దున వ్యాన్ ఎక్కుతుంటే తలుపు దగ్గర ఆయన చెప్పు దేనికో తట్టుకుని ముందుకి తూలాడు. ఆమె రెక్క పట్టుకుని ఆపింది. ఆయన కాసేపు ఆ నేల వంకే చూసి, వెళ్ళి కూర్చున్నాడు.

ఇప్పుడామె టీ కొట్టు బల్ల చివర కూర్చుని, చేతిలో గ్లాసు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆస్పత్రి తలుపునే చూస్తోంది. మొదటి రోజు అందరూ అలాగే చూస్తారు. బల్ల మీద ఇంకో ఇద్దరున్నారు. భార్యని మూడేళ్ళుగా తీసుకొస్తున్న దర్జీ ఒకడు, డ్యూటీ మారే ముందు ఓ పావుగంట ఇక్కడ కాలు సాచుకునే గేటు వాచ్‌మన్ ఒకడు. టీ అక్క పొయ్యి దగ్గర ఉంది. బాబాయి నలుగురినీ ఓసారి చూసి, గొంతు సవరించుకుని, కొత్తామె వైపు తిరిగాడు.

“మన వ్యాన్ ఎక్కావు కదమ్మా, కింద నేల చూశావా? అది నేను వేసిందే, ఈ రెండు చేతుల్తో. అంతకుముందు కార్పెట్ ఉండేది, బూడిద రంగుది, కాలు పెడితే పిల్లి వీపు మీద పెట్టినట్టు మెత్తగా ఉండేది, కానీ మనవాళ్ళ సంగతి ఇక నీకూ తెలుస్తుందిగా, తిరిగెళ్ళేటప్పుడు ఒకరికి కడుపులో తిప్పుతుంది, ఒకరికి చేతి కట్టు జారుతుంది, వానాకాలం బురద సరేసరి, నేనేమో రోజూ కడగడం, అదేమో ఏనాడూ ఆరకపోవడం, చివరికి ఆ వాసనకి దోమలు కూడా మా వ్యాన్‌లోకి రావడం మానేశాయి. ఇక లాభం లేదని ఒకరోజు సీట్లన్నీ ఊడదీసి, కార్పెట్ అంచు పట్టుకుని ఒక్క లాగు లాగాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

కార్పెట్ కింద ఏడు దువ్వెనలు, మూడు కళ్ళజోళ్ళు, ఒక పళ్ళ సెట్టు బయటపడ్డాయట.

“పళ్ళ సెట్టు నిజమే,” అన్నాడు దర్జీ. “మా ఆవిడది.”

సాక్ష్యం దొరకడంతో బాబాయి బల్ల మీద ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాడు. కార్పెట్ అవతల పారేసి, రెండు డబ్బాల మందు కలిపి రోలర్‌తో నేలంతా పూశాడట. లారీల వెనక తొట్టెలకి పూస్తారే, ఆరాక టైరు రబ్బరులా గట్టిపడుతుందే, ఆ పూత. నీళ్ళు లోపలికి దిగవు, కాలు జారదు, ఒక్క బకెట్టు నీళ్ళు కొడితే అద్దంలా అయిపోతుంది. ఒక్క పూటలో పని అయిపోయిందట. ఇంతవరకూ మేస్త్రీ భార్య కూడా తల ఊపుతూనే వింది. ఒక్క పూట అన్నచోట మాత్రం ఆగి, బాబాయి వైపు ఓసారి చూసింది.

మర్నాడే ఆ నేల మీద జాకీ జారిపడింది, గీత పడలేదు. ఆ పై వారం ఒక కమ్మరి కొలిమిలోంచి తీసిన గునపాన్ని బాబాయి వ్యాన్‌లోనే తీసుకెళ్తానని మొండికేశాడు. ఎర్రగా కాలుతున్న గునపం నేలకి తగిలింది. నేల కాలలేదు సరికదా, గునపమే సిగ్గుపడి చల్లారిపోయిందట.

“నేల వేడెక్కలేదా?” అని అడిగింది టీ అక్క.

కొంచెం వెచ్చబడింది, దాని మీదే కమ్మరి అన్నం వేడిచేసుకున్నాడు, అన్నాడు బాబాయి.

అది విని ఒక సర్కస్ వాళ్ళు వచ్చారట. లారీ చెడిపోయింది, ఏనుగు పిల్లని పక్క ఊరికి చేర్చాలి, నీ నేల అయితేనే ఆగుతుందని కాళ్ళావేళ్ళా పడ్డారు. సరేనని పిల్లని ఎక్కించాడు. పిల్ల ఎక్కితే తల్లి ఊరుకుంటుందా? అదీ ఎక్కింది. టైర్లు రోడ్డులోకి దిగబడ్డాయి, కప్పు ఉబ్బి గొడుగులా అయింది, నేల మాత్రం వీసమెత్తు వంగలేదు. తల్లి ఏనుగుకి దారిలో నిద్ర కూడా పట్టిందట.

వాచ్‌మన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఇంకా వెళ్ళే ఉద్దేశం లేదని అర్థం.

“అది సరే, వరదల సంగతి చెప్పనే లేదు కదూ మీకు?” అని బాబాయి అసలు కథలోకి దిగాడు. ఆస్పత్రికి వస్తుంటే వంతెన మీద నీళ్ళు తోసుకొచ్చాయట. ముందు తలుపులు పోయాయి, తర్వాత కప్పు లేచిపోయింది, ఇంజన్ చూస్తుండగానే మునిగిపోయింది. మిగిలిందల్లా నేల. దాని మీద సీట్లలో పేషెంట్లు, ఎవరి సీట్లో వాళ్ళు. బాబాయి స్టీరింగ్ ఊడబీకి దాన్నే తెడ్డుగా పట్టుకుని, ఆ నేలని పడవలా నడుపుకుంటూ వచ్చి, సరిగ్గా ఆస్పత్రి మెట్ల దగ్గర ఆపాడు. టైముకంటే పది నిమిషాలు ముందే.

“మరి ఇప్పుడున్న వ్యాన్ ఎక్కడిది?” అన్నాడు వాచ్‌మన్.

“ఆ నేల మీదే కొత్త వ్యాన్ కట్టించాం.”

దర్జీ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. కొత్తామె కూడా ఈసారి నవ్వుతుందని బాబాయి అనుకున్నాడు కాబోలు, ఆమె వైపే చూశాడు. ఆమె నవ్వలేదు. చూపు మళ్ళీ ఆస్పత్రి తలుపు మీదికి పోయింది. అప్పుడాయన గొంతు తగ్గించాడు.

“ఇంకో సంగతి ఉందమ్మా. ఇది ఎవరికీ చెప్పను. ఆ నేల మీద కాలు పెట్టినవాళ్ళు, ఎంత జబ్బుతో వచ్చినవాళ్ళయినా, ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా పోలేదు.”

దర్జీ నవ్వు ఆగిపోయింది. టీ అక్క గిన్నె వైపు తిరిగింది. డ్రైవరు వెనక సీటు ఆ పొద్దున ఎందుకు ఖాళీగా ఉందో కొత్తామెకి ఎవరూ చెప్పలేదు. ఆ ముగ్గురి ముఖాలు చూశాక చెప్పనక్కర్లేకపోయింది. ఆ మాట నిజమైతే ఎంత బాగుండునో ఆమెకి ఒక్కసారిగా తెలిసింది. నమ్మెయ్యాలనిపించింది. నమ్మితే, ఆ నేల మీద మొగుణ్ణి ఎక్కించి ఇక నిశ్చింతగా కూర్చోవచ్చు. అలా అనిపించినందుకే భయం వేసింది.

“ఆ నేల లేచిపోతోంది, బాబాయ్,” అంది.

పొద్దుటి నుంచి ఆమె నోటి వెంట వచ్చిన మొదటి మాట అదే. ఆ తర్వాత పని మాటలు వాటంతట అవే వచ్చాయి. “తలుపు దగ్గర జానెడు మేర పొర ఊడింది. మా ఆయన చెప్పు దానికే తట్టుకుంది. కింద తుప్పు గీకకుండా పూస్తే ఎంత మంచి పూతైనా ఇంతే. ఒక్క పూటలో అయ్యే పని కాదది.”

 దర్జీ, తనలో తాను అనుకుంటున్నట్టు, రెండు ఏనుగులకి లొంగనిది ఒక్క చెప్పుకి లొంగిందన్నమాట, అన్నాడు. వాచ్‌మన్‌కి టీ పొలమారింది. టీ అక్క కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వులో కొత్తామె కూడా కలిసింది, ఆపుకోలేకపోయింది. నవ్వు సగంలో ఉండగా చూస్తే బల్ల మీద బాబాయి లేడు.

రోడ్డు దాటి వ్యాన్ దగ్గరికి పోయాడు. పెద్దమనిషిని నలుగురిలో చిన్నబుచ్చానేమోనని ఆమె వెనకే వెళ్ళింది. ఆయన తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, లేచిన పొరని బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు. నొక్కితే అణుగుతోంది, వదిలితే లేస్తోంది. కింద ఎర్రటి పొడి.

“ఆయన పడి ఉంటే?” అన్నాడు తలెత్తకుండా.

అప్పుడు చెప్పాడు అసలు కథ. కార్పెట్ పీకిన రోజు మధ్యాహ్నమే ఇంకో ట్రిప్పు ఉందట. వాళ్ళని తీసుకురాకపోతే వాళ్ళకి ఆ రోజు డయాలసిస్ తప్పుతుంది. గీకడానికి టైము లేదు, కడిగిన తడి పూర్తిగా ఆరనూ లేదు. పూసేసి, చెయ్యి అంటుకోవడం మానగానే సీట్లు బిగించేశాడు. తర్వాత సరిచేద్దాం, తర్వాత చేద్దాం అనుకుంటూ రోజులు గడిచిపోయాయి. చేసిన పని ఎంత బాగా చేశానో పదిమందికీ చెప్పుకుంటూ పోతే తనకే నమ్మకం కుదిరిపోయిందట. చివరన అన్న మాట గురించి కూడా ఏదో చెప్పబోయి ఆగాడు.

“ఆ మాట వినడానికి బాగుంది, బాబాయ్,” అంది ఆమె. “అందుకే ఉండబట్టలేకపోయాను.”

పన్నెండింటికి మేస్త్రీ బయటికొచ్చాడు. ముఖం పాలిపోయి, ఎడమ మోచేతి దగ్గర కట్టుతో, గోడ పట్టుకుని నడుస్తూ. వ్యాన్ ఎక్కబోతూ తలుపు దగ్గర ఆగాడు. కుడిచేతి గోరు పొర కిందికి పోనిచ్చి, చిన్న ముక్క తుంచి, వెనక్కి తిప్పి చూశాడు.

“తడి మీద పూశారు,” అన్నాడు.

బాబాయి ఒప్పుకున్నాడు.

“మొత్తం తీసెయ్యాలి. అతుకేస్తే పక్కనుంచి మళ్ళీ లేస్తుంది. శుక్రవారం ట్రిప్పు అయ్యాక సోమవారం దాకా బండి ఖాళీయేనా?”

మేస్త్రీ భార్య పక్కకి తిరిగి సంచీలో ఏదో వెతుక్కుంది. వెతకడానికి అందులో ఏమీ లేదు. నెల రోజుల్లో ఆయన ఒక్కసారిగా అన్ని మాటలనడం అదే మొదలు.

శనివారం పొద్దున షెడ్డు తాళం తీశారు. లోపల దుమ్ము, థిన్నర్ వాసన. ఎడమ చేత్తో బరువెత్తకూడదన్నారు కాబట్టి మేస్త్రీని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. బాబాయి సీట్లు ఊడదీశాడు. ఆమె పాత పొర ఒలిచి, ఇనప బ్రష్షుతో తుప్పు రుద్దింది. అయిపోయిందని ఇద్దరూ అనుకున్నప్పుడల్లా మేస్త్రీ కుర్చీలోంచి వంగి, అరచేతితో తడిమి, ఇంకా ఉంది అనేవాడు. బాబాయి పక్కన కూర్చుని పనికి తోడుగా ఏదో కథ మొదలుపెట్టబోతే, ముందు ఆ మూల చూడండి, అన్నాడు. బాబాయి మూల చూశాడు. మధ్యాహ్నానికి రేకు తెల్లగా బయటపడింది. థిన్నర్ గుడ్డతో తుడిచి, బోల్టు కన్నాలకి టేపు అంటించి, ఎండ వేడికి రేకంతా ఆరేదాకా ఆగి, అప్పుడు మొదటి పూత వేశారు. రెండోది ఆదివారం.

చివర తలుపు దగ్గర జానెడు చోటు మిగిలింది. ఆమె రోలర్ ముంచి ఇవ్వబోతే బాబాయి చెయ్యి చాపాడు. ఆమె ఆయనకి ఇవ్వలేదు. మొగుడి వైపు పట్టుకుని నిలబడింది. మేస్త్రీ రోలర్ వంక చూశాడు, ఆమె వంక చూశాడు. కుర్చీ ముందుకి జరుపుకుని, కుడిచేత్తో, ఒకే వైపుకి, ఎక్కడా ఆపకుండా మూడుసార్లు లాగాడు. చెమట పట్టింది. వెనక్కి ఆనుకుని, రేపు పొద్దుటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు, అన్నాడు.

మూడు వారాలకి వాళ్ళ డయాలసిస్ వేళ మారింది. ఇప్పుడు మేస్త్రీకి ముందుగా అయిపోతుంది. మిగతావాళ్ళు వచ్చేదాకా ఆయన కూడా టీ కొట్టుకి వస్తాడు. నీళ్ళు కొలిచి తాగాల్సిన మనిషి కాబట్టి టీ అక్క సగం గ్లాసే ఇస్తుంది. దాన్ని ఆయన చాలాసేపు తాగుతాడు, నిలబడే, స్తంభానికి ఆనుకుని.

ఆ రోజు ఒక ముసలాయన కొత్తగా వచ్చాడు. కూతురు లోపల ఉంది. బల్ల చివర కూర్చుని తలుపు వంకే చూస్తున్నాడు. బాబాయి గొంతు సవరించుకున్నాడు. మా మేస్త్రీ ఉన్నాడే, అని మొదలుపెట్టాడు, ఆయన బండిని వేలితో ఒక్కసారి తడితే చాలు, ఏ రేకు కింద ఎంత తుప్పుందో తూకంతో సహా చెప్పేస్తాడు.

ముసలాయన తలుపు మీది నుంచి చూపు తిప్పి మేస్త్రీ వైపు చూశాడు. నిజమేనా అన్నట్టు. దర్జీ కూడా చూశాడు. మేస్త్రీ ఎవరికీ అబద్ధం చెప్పగా ఆయన భార్య వినలేదు. రంగు ఆరడానికి రెండు రోజులు పడుతుందంటే రెండు రోజులే. తొందరపెట్టినవాళ్ళకి కూడా ఒక్క గంట తగ్గించి చెప్పేవాడు కాదు. ఇప్పుడేమంటాడోనని ఆమె గ్లాసు కింద పెట్టింది.

మేస్త్రీ టీ మీద మెల్లగా ఊదాడు.

“వేలెందుకు,” అన్నాడు. “రెండు వీధుల అవతల ఉండగానే నాకు వాసన తెలిసిపోతుంది.”

ఆమె బల్ల మీద పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చింది. నిలబడి చెప్పేటంత చిన్న కథలా లేదది.