గడ్డకి పస్తు

ఏలూరులో కేన్సర్ డాక్టరు గారి దగ్గర నుంచి బయటికి రాగానే, పెర్సిస్ తన భర్త హెన్రీని తిన్నగా ఎదురుగా ఉన్న భోజన హోటల్లోకి నడిపించింది. కొల్లేరులో సొంత చేపల చెరువు ఉండి కూడా నెల రోజులుగా ఆమె చేప ముక్క ఎరగదు.

"కొరమేను పులుసు చెప్పండి."

"మెల్లిగా అనవే. అది వింటుంది."

"ఏదండీ?"

"నీ కడుపులో గడ్డ. చేపల్లో, గుడ్లలో ఉండే అదేదో యాసిడ్ అందకపోతే మాడి చస్తుందని ఫోన్లో చూపించాను కదా."

"అమైనో యాసిడ్. అది ఇంకా పరిశోధనలోనే ఉంది, సొంత వైద్యం చెయ్యొద్దని ఇందాక డాక్టరు గారు చెప్పలేదాండీ?"

"చెప్పారనుకో."

"బాగా చిక్కిపోయానని ఇవాళ మందు కూడా ఎక్కించలేదు. గడ్డ మాడలేదండీ, నేను మాడాను."

"ఇప్పుడు నువ్వు తింటే దానికీ అందుతుందేమోనే."

"అందనివ్వండి. దాని సంగతి డాక్టరు గారు చూసుకుంటారు."

హెన్రీ తల వంచుకున్నాడు. అతని చొక్కా భుజాల మీద నిలవడం లేదని పెర్సిస్ అప్పుడే గమనించింది.

"ఈ నెలంతా మీరేం తిన్నారండీ?"

"నీ గంజే."

"మీకేం గడ్డ లేదుగా?"

"నేను చేప తింటే దానికి వాసన తగలదూ?"

పెర్సిస్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వడ్డించే అతన్ని పిలిచింది.

"రెండు పులుసులు బాబూ. ఈయనకి తలకాయ వెయ్యి. బొత్తిగా లేదు."